గేటు దగ్గర ఏమని చెప్పాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ఒక మాట రాశాను. యూనివర్సిటీ మాస్టార్లు బయటి జనం కోసం ఇచ్చే ఉపన్యాసాలకు టికెట్టు ఉండదు, ఎవరైనా వెళ్ళొచ్చు అని. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఆవకాయ గురించి రాసినప్పుడు కూడా రాలేదు. కొత్త పాఠకుల కోసం చెబుతున్నాను, నేను శ్రీకాకుళం జిల్లా శాఖా గ్రంథాలయాల్లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషిని. ఇలాంటి సభలకు కుర్చీలు వేయించడం, మైకు సెట్టు కుర్రాణ్ణి బతిమాలడం, అంతా అయ్యాక కుర్చీలు లెక్కపెట్టి అప్పజెప్పడం నా పని. వేదిక ఎక్కింది తక్కువ. అందుకని నా జవాబులు వెనక వరుసలోంచి వచ్చినట్టుంటాయి.

ప్రశ్న: అమ్మా, నాకు 46 ఏళ్ళు. ఇంటర్ రెండో ఏడాదిలో పెళ్ళయి చదువు ఆగిపోయింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చరిత్ర మీద ఉపన్యాసం ఉందని, అందరూ ఆహ్వానితులేనని పేపర్లో చూశాను. నిజంగా అందరూనా? గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే ఏమని చెప్పాలి? మావారు "నీకెందుకే అవన్నీ" అని నవ్వారు. – ఒక గృహిణి, ఆమదాలవలస

జవాబు: "ఉపన్యాసానికి వచ్చాను, హాలు ఎటు బాబూ?" అనండి తల్లీ. అంతకు మించి ఒక్క ముక్క వద్దు.

అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక యూనివర్సిటీకి, పేరెందుకులెండి, ఇలాగే ఒక ఉపన్యాసం వినడానికి గోనెసంచి భుజాన వేసుకుని వెళ్ళాను. గేటు దగ్గరతను "ఎవరి తాలూకా?" అన్నాడు. నేను మొదలెట్టాను. ఫలానా గ్రంథాలయం, ఫలానా వారు చెప్పారు, ఫలానా పేపర్లో పడింది అని. నేను ఎంత వివరంగా చెబితే అతనికి అంత అనుమానం పెరిగింది. ఈలోగా ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద సర్రున లోపలికి పోయారు, వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. చివరికి టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్తున్న అబ్బాయి జాలిపడి "నాతో రండమ్మా" అన్నాడు. వెళ్ళేసరికి సగం అయిపోయింది. మిగతా సగం నా కోపంతో వినపడలేదు.

ఆ రోజు నుంచి పేపరు కటింగు చేతిసంచిలో పెట్టుకుని వెళ్తాను, దారి అడుగుతాను. అనుమతి అడిగే మనిషిని ఆపడం తేలిక. దారి అడిగితే చెయ్యి దానంతటదే లేచి అటు చూపిస్తుంది.

"అందరూ" అంటే అందరూనే. ఎచ్చెర్లలో ముందు ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి పీజీ సెంటరు ఉండేది, 2008లో అది అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. మీరు సబ్బు కొన్నా, గ్యాస్ పొయ్యి కొన్నా కట్టిన పన్నులో కొంత అక్కడి గోడల్లో ఉంది. మన జిల్లాలో చాలామందికి మాత్రం ఆ యూనివర్సిటీ అంటే విశాఖ వెళ్ళే బస్సు కిటికీలోంచి కనిపించే బోర్డు, అంతే.

చీర గురించి మీరు అడగలేదు గానీ అడగాలనుకుని ఉంటారు. చుట్టాలింటికి భోజనానికి వెళ్ళేటప్పుడు కట్టేది చాలు. పావుగంట ముందు చేరండి. మొదటి రెండు వరుసలూ పెద్దల కోసం ఆపి ఉంచుతారు, మూడో వరుసలో నడవ పక్క కుర్చీ చూసుకోండి. బస్సు టైమయితే మధ్యలో లేచి వచ్చేయండి, మాట్లాడే మాస్టారేమీ నొచ్చుకోడు. మాస్టార్లకు పిల్లలు లేచి పోవడం రోజూ అలవాటే. మీవారి నవ్వుకు నా దగ్గర జవాబు లేదు, ఒకసారి వెంట తీసుకెళ్ళండి. ఫ్యాను కింద ఆయన కునుకు తీస్తారు, వచ్చేటప్పుడు మీకు తోడుంటుంది.

ప్రశ్న: అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడటం గురించి ఒక ఫిజిక్స్ మాస్టారు ఉపన్యాసంలో లెక్కలు చెప్పారు. వింటున్నంతసేపూ నా మనసు ఒప్పలేదు. దేవుడి మహిమను లెక్కల్లోకి దించడం తప్పు కాదా? – ఒక భక్తుడు, శ్రీకాకుళం

జవాబు: బాబూ, నేను రథసప్తమికి తెల్లవారుజామున క్యూలో నిలబడే మనిషినే. నాకు మాత్రం ఆ లెక్క తెలిశాక గుడి మీద ఇష్టం పెరిగింది. ఎందుకో చెబుతాను, ఆ తరవాత మీ ఇష్టం.

ఏడాది పొడుగునా సూర్యుడు ఒకే చోట ఉదయించడు. మేడ మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. సంక్రాంతి రోజుల్లో ఎదురింటి కొబ్బరిచెట్టుకు కుడిపక్కన వచ్చేవాడు, ఎండాకాలంలో దానికి ఎడమపక్కన వస్తాడు. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20 ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు 23 ప్రాంతంలో ఒకసారి. డిసెంబరు 21 దాకా దక్షిణానికి జరిగి, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతాడు. పోయిన దారినే తిరిగొస్తాడు కాబట్టి మధ్యలో ఉన్న ఏ చోటుకైనా రెండుసార్లు రావలసిందే.

ఇప్పుడు క్యాలెండరు తీయండి. స్వామి పాదాలను కిరణాలు తాకేది మార్చి 9, 10 ప్రాంతంలో, మళ్ళీ అక్టోబరు 1, 2 ప్రాంతంలో. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10కి 79 రోజులు. వెళ్ళేటప్పుడు ఎన్ని రోజులో, వచ్చేటప్పుడూ దాదాపు అన్నే రోజులు. అంటే ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు ఉదయించే చోటు ఒక్కటే, తూర్పుకు నాలుగైదు డిగ్రీలు దక్షిణంగా. ద్వారాలన్నీ ఆ వరుసలో నిలబడ్డాయి కాబట్టే వెలుగు లోపలిదాకా నడిచి వస్తుంది. మబ్బు పట్టిన రోజు రాదు, అది కూడా మీకు తెలిసిందే.

ఈ ఉపన్యాసం ఒకసారి మా గ్రంథాలయంలో జరిగింది. మాస్టారు నల్లబల్ల మీద గీతలు గీసి ఇదంతా చెబుతుంటే, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక తాపీ మేస్త్రి చెయ్యెత్తాడు. "అయ్యా, మేం కిటికీ పెట్టేటప్పుడు ఇంటాయన్ని అడుగుతాం, మీకు ఎండ సలికాలం కావాలా, ఎండాకాలం కావాలా అని. ఒక్క కిటికీలోంచే సంకురాత్రికి గోడ మీద ఒక కాడ పడతాది, ఉగాదికి ఇంకో కాడ పడతాది. దీన్నే గదా తమరు సెప్తన్నారు?" అన్నాడు. మాస్టారు ఒక్క క్షణం ఆగి, చేతిలో ఉన్న సుద్దముక్క అతనికి ఇచ్చారు. మేస్త్రి వచ్చి కిటికీ గీసి, మూలమట్టం పట్టినంత జాగ్రత్తగా ఎండ పడే గీతలు గీశాడు. మాస్టారి బొమ్మ కన్నా అదే మా అందరికీ అర్థమైంది.

మీ బాధ నాకు అర్థమైంది గానీ, ఆ లెక్క దేవుణ్ణి తగ్గించలేదు. గుడి కట్టిన మేస్త్రుల్ని పెంచింది. ఏ పొద్దున్నో ఒకడు ఆకాశం చూస్తూ గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుకు రాయి నిలబెట్టాడు. వాడి పేరు ఎవరికీ తెలియదు. ఆ మాస్టారి లెక్క పుణ్యమా అని నేను ఇప్పుడు గుడికి వెళ్ళినప్పుడు వాడికి కూడా ఒక దండం పెడుతున్నాను.

ప్రశ్న: ఇలాంటి ఉపన్యాసాలకు వెళ్తే సర్టిఫికెట్ ఇస్తారా? రెజ్యూమెలో పెట్టుకోవచ్చా? – డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

జవాబు: ఇవ్వరు. పారిస్‌లో కాలేజ్ ద ఫ్రాన్స్ అని ఒకటుంది, 1530లో మొదలైంది. పేరు నమోదు అక్కర్లేదు, ఫీజు లేదు, ఎవరైనా వెళ్ళి కూర్చుని వినొచ్చు. దాదాపు 500 ఏళ్ళుగా వాళ్ళు ఒక్క డిగ్రీ ఇవ్వలేదు, అయినా హాళ్ళు నిండుతున్నాయి. మీకు కాగితమే కావాలంటే ఇంటర్నెట్లో ఐఐటీల వారి ఎన్‌పీటెల్ పాఠాలు, కేంద్ర ప్రభుత్వం వారి స్వయం పోర్టల్ ఉన్నాయి. వినడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రాయాలి, పరీక్షకు ఫీజు ఉంటుంది. చదవకుండా వీడియో పక్కన నడిపిస్తూ ఫోన్ చూసుకుంటే మాత్రం పరీక్ష గట్టెక్కదు, మా అక్క మనవడు చేసి చూశాడు.

ప్రశ్న: మాది కవిటి మండలం. మా అన్నయ్యకు డయాలసిస్ జరుగుతోంది. మా ఊరికి డాక్టర్లు, ప్రొఫెసర్లు ఎందరో వచ్చారు. ఇంగ్లీషులో స్లైడ్లు చూపిస్తారు, రక్తం తీసుకుంటారు, వెళ్ళిపోతారు. ఉచిత ఉపన్యాసం అని మీరు గొప్పగా రాశారు. మాకు దానివల్ల ఒరిగిందేమిటి? – పేరు వద్దు

జవాబు: మీ కోపం న్యాయం. పోయినసారి గొప్పగానే రాశాను, మీ ఉత్తరం చదివాక రెండు రోజులు కలం పట్టలేదు.

ఉచితం అన్నమాట కూడా సగమే నిజం. ఉపన్యాసానికి వచ్చినవాళ్ళకు ఒక పూట కూలి పోతుంది. మీ కవిటి చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడితోట పని వదిలి వచ్చి కూర్చున్న మనిషి రుసుం కట్టినట్టే. కట్టినవాడికి అర్థమయ్యేలా చెప్పించుకునే హక్కుంది.

భాష సంగతికి వస్తే, ఇది కొత్త తగువు కాదు. లండన్‌లో గ్రెషమ్ కాలేజీ అని ఉంది. ఒక వర్తకుడు రాసిన వీలునామాతో 1597లో మొదలై ఇప్పటికీ ఊరి జనానికి ఉచితంగా ఉపన్యాసాలు ఇస్తోంది. మొదట్లో అక్కడ ఒకే పాఠం రెండుసార్లు చెప్పేవారు, ఒకసారి పండితుల కోసం లాటిన్‌లో, ఇంకోసారి ఊరివాళ్ళ కోసం వాళ్ళ మాట ఇంగ్లీషులో. ఇంగ్లీషు కూడా ఒకప్పుడు గుమ్మం బయట నిలబడ్డ భాషేనన్నమాట! మన దగ్గర ఇప్పుడు లాటిన్ కుర్చీలో ఇంగ్లీషు కూర్చుంది. మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది ఈ జిల్లాలో, శ్రీముఖలింగం పక్కన. ఆయన సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఆయన జిల్లాకు వచ్చి ఏ డాక్టరైనా కిడ్నీ గురించి తెలుగులో చెప్పలేనంటే ఒప్పుకోవద్దు. మొదట్లోనే లేచి "అయ్యా, తెలుగులో చెప్పండి, పేర్లు ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు" అనండి. కిడ్నీ ఎలా ఉందో రక్తంలో చూసే క్రియాటినిన్ అంటే మీ ఊళ్ళో బడికి వెళ్ళని ముసలమ్మకు కూడా తెలుసు. ఆ డాక్టరు భయపడేది మాటలు దొరకవని, మీరు ధైర్యం ఇవ్వాలి.

రక్తం సంగతి ఇంకా ముఖ్యం. పరిశోధన కోసం నమూనా తీసుకునేవాళ్ళు అది ఎందుకో మీ భాషలో చెప్పి, మీ ఒప్పుకోలు కాగితం మీద తీసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో ఇది ఉంది. ఆ కాగితం నకలు అడగండి. "ఫలితం వచ్చాక ఇదే అరుగు మీద కూర్చుని మాకు ఎప్పుడు చెబుతారు?" అని తేదీ అడగండి. ఇది ఎదురు తిరగడం కాదు.

ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు పాడవడానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్ళు, ఎండలో చాకిరీ, పురుగుమందులు, ఇలా చాలా వాటి మీద అనుమానాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. ఉపన్యాసానికి వచ్చినాయన "తెలియదు" అన్నాడంటే వెంటనే తీసిపారేయకండి, కారణం ఇదేనని గుండె మీద చెయ్యేసుకుని చెప్పేవాడి కన్నా అతను నయం. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకునేది, నొప్పి మాత్రలు షాపులో అడిగి ఇష్టం వచ్చినట్టు మింగితే కిడ్నీ పాడవుతుంది. ఒళ్ళు నొప్పులకు రోజూ మాత్ర వేసుకునే కూలివాళ్ళు మీ చుట్టూ ఉంటే ఈ మాట చెప్పండి. మీ అన్నయ్య గారికి వైద్యం చేస్తున్న డాక్టర్ని అడగకుండా ఏ మందూ మార్చకండి.

ప్రశ్న: నాకు 78 ఏళ్ళు. చిన్నప్పుడు మా విజయనగరంలో హరికథ అంటే తెల్లారేదాకా జనం కదిలేవారు కాదు. మొన్న ఒక ప్రొఫెసర్ ఉపన్యాసానికి వెళ్తే మైకు మనిషితో కలిపి పదకొండు మందిమి. జనానికి ఇంత బద్ధకం ఎందుకు? – కోట దగ్గర నుంచి ఒక పెద్దాయన

జవాబు: పదకొండు మంది మంచి సంఖ్యేనండీ. నేను నలుగురితో సభ నడిపాను, అందులో ఒకరు వానకు లోపలికి వచ్చినాయన.

మీ ఊరివాళ్ళకు జనాన్ని కూర్చోబెట్టడం ఎవరో నేర్పాలా? 1919లో మీ ఊళ్ళో సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ అయినాయన ఆదిభట్ల నారాయణదాసు గారు, హరికథకు పితామహుడు. ఆయనది గొప్ప పాండిత్యం, ఎన్నో భాషలు వచ్చు, అయినా గజ్జె కట్టి జనం మధ్యకు వచ్చారు. ఇప్పటి మాస్టార్లను గజ్జె కట్టమని అనను. కనీసం కాగితంలోంచి తలెత్తితే చాలు.

జనం బద్ధకస్తులని మాత్రం నేను ఒప్పుకోను. ఆ ఉపన్యాసం పనిరోజు పొద్దున్న 11 గంటలకు కదూ? మీరు రాయలేదు, నేనే ఊహిస్తున్నాను. పేరు కూడా చూడండి. తీరం పక్కన ఒక ఊళ్ళో నేను పనిచేస్తున్నప్పుడు ఒక భూగోళం మాస్టారు "తీరప్రాంత భూస్వరూప పరిణామాలు" అని మాట్లాడారు. ఆరుగురు వచ్చారు. మరుసటి ఏడు ఆయన్నే పిలిచి, అదే విషయానికి "మన ఊరి ఇసుక ఎక్కడికి పోతోంది?" అని పేరు పెట్టి, గోడ మీద బొగ్గుతో రాయించాను. తేదీ మే నెలలో వేశాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మోటారు పడవల వేట నిషేధం, మగాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. కుర్చీలు చాలక వలలు పరుచుకుని కూర్చున్నారు. ఇసుక ఏ నెలలో ఎటు కదులుతుందో వాళ్ళే ఎక్కువ చెప్పారు, మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. వచ్చే ఏడు మళ్ళీ పిలవమని ఆయనే అడిగారు.

ప్రశ్న: మా ఊరి యువకులం కలిసి ఒక ప్రొఫెసర్‌ని పిలిచి తుపానుల మీద మాట్లాడించాలనుకుంటున్నాం. 2018లో తిత్లీకి మా కొబ్బరితోటలు పోయాయి. ఎవరికి రాయాలి? ఎంత ఇవ్వాలి? – వజ్రపుకొత్తూరు మండలం నుంచి

జవాబు: వైస్ ఛాన్సలర్‌కి రాయకండి, ఉత్తరం బల్లలు మారి మారి మీ తుపాను సీజన్ దాటిపోతుంది. సంబంధించిన శాఖ అధిపతికి రాయండి. మీకు కావలసింది విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాతావరణ శాస్త్ర విభాగంలో దొరుకుతుంది. నెల ముందు రాయండి. ఒక పేజీ చాలు. ఊరు ఏది, ఎంతమంది వస్తారు, మీరు తెలుసుకోవాలనుకునే మూడు ప్రశ్నలు ఏవి. ఈ మూడు ప్రశ్నలూ రాయడం మాత్రం మరవద్దు, లేకపోతే ఆయన క్లాసులో చెప్పే పాఠమే తెచ్చి మీ ముందు పెడతాడు. "తుపాను కన్ను మీదుగా వెళ్తే గాలి ఆగి మళ్ళీ వెనక నుంచి ఎందుకు కొడుతుంది?" లాంటిది అడిగారంటే ఆయనకూ హుషారొస్తుంది.

ఫిబ్రవరి 28 అడగకండి, జాతీయ విజ్ఞాన దినం, సైన్సు మాస్టార్లందరికీ ఆ రోజు ఎక్కడో ఒకచోట సభ ఉంటుంది. తెలుగు మాస్టార్లకు ఆగస్టు 29, తెలుగు భాషా దినం, అలాంటిది. వరికోతల రోజులు మీకే కుదరవు. డబ్బు సంగతి మొదటి ఫోన్లోనే అడిగేయండి, మొహమాటం వద్దు. రాకపోకల ఖర్చు మీదే అనుకోండి, భోజనం ఎవరో ఒకరింట్లో. ప్రొజెక్టరు పెడితే తెల్ల సున్నం వేసిన గోడ, కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఒక ఆలోచన ఉండాలి. కరెంటు పోయినప్పుడు మా సభలు బాగా నడిచాయి, ఎందుకంటే స్లైడ్లు ఆగిపోయి మనిషి మాట్లాడేవాడు.

ఇంకో మాట, బతిమాలి చెబుతున్నాను. వేదిక మీద ఒక కుర్చీ వేయండి, ఆ వచ్చినాయనకు. ఒకసారి మా దగ్గర వేదిక మీద 14 మంది, కింద 19 మంది. దండలు, శాలువాలు, పరిచయాలు అయ్యేసరికి గంటా పది నిమిషాలు. మాస్టారు మైకు దగ్గరకు వచ్చి వాచీ చూసుకుని, "సమయాభావం వల్ల రెండు ముక్కల్లో ముగిస్తాను" అన్నారు. నిజంగానే రెండు ముక్కల్లో ముగించారు.

ప్రశ్న: చంటిపిల్ల ఉంది. మధ్యలో ఏడిస్తే అందరూ తిరిగి చూస్తారని టెన్షన్. తీసుకెళ్ళొచ్చా? – ఒక తల్లి, పార్వతీపురం

జవాబు: తీసుకెళ్ళండి. ఏడిస్తే వరండాలోకి వెళ్ళి ఊరుకోబెట్టి మళ్ళీ రండి. మా గ్రంథాలయంలో వెనక తలుపు పక్కన చేతులు లేని కుర్చీ ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచేదాన్ని. అందులో పెద్దమనుషులు ఎవరైనా కూర్చోబోతే కాలు విరిగిందని చెప్పేదాన్ని.